మిద్దె మీదికి తేలికైన సిమెంటు తొట్టి: పోత పోయడం నుంచి మొక్క పెట్టడం దాకా

మిద్దె తోట మొదలుపెట్టేవాళ్లు కుండీల రంగు, ఆకారం చూస్తారు. స్లాబు మాత్రం బరువొక్కటే చూస్తుంది. మనుషులు ఎక్కి తిరిగే పైకప్పుకు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కన డిజైన్ చేయాలని భారతీయ నిర్మాణ ప్రమాణం ఐఎస్ 875 చెబుతోంది. పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 20 సెంటీమీటర్లు ఉండే తొట్టిని మామూలు కాంక్రీటుతో పోస్తే ఖాళీదే 45 కిలోలు తూగుతుంది. అదే కొలతలతో, అదే మందంతో హైపర్‌టుఫా తొట్టి పోస్తే ఆరాక 16, 17 కిలోల దగ్గర ఆగుతుంది. చూడ్డానికి చెక్కిన రాతి తొట్టిలాగే ఉంటుంది. గోడలు సన్నగా గాలి పీలుస్తాయి కాబట్టి వేర్లు ప్లాస్టిక్ టబ్బులో ఉన్నంతగా ఉడికిపోవు.

హైపర్‌టుఫా అంటే సిమెంటు, ఏదో ఒక పీచు పొడి, ఏదో ఒక తేలికపాటి గుల్ల పదార్థం కలిపిన ముద్ద. ఇంగ్లండులో పాత రాతి నీళ్లతొట్లలో కొండమొక్కలు పెంచేవాళ్లు, అవి దొరకడం తగ్గిపోయాక వాటికి నకలుగా దీన్ని తయారుచేసుకున్నారు. అక్కడి పద్ధతిలో పీట్ మాస్ వాడతారు. మనకు దాని అవసరం లేదు, కొబ్బరి పీచు పొడి, అంటే కోకోపీట్, ప్రతి నర్సరీలోనూ ఇటుకల్లా పేర్చి ఉంటుంది. అక్కడివాళ్ల భయం కూడా వేరు. గోడల్లోని నీరు చలికి గడ్డకట్టి తొట్టి పగులుతుందేమోనని వాళ్లు జాగ్రత్తపడతారు. హైదరాబాద్‌లో ఆ బాధ లేదు. ఇక్కడ తొట్టిని పాడుచేసేది ఎండ, అదీ తొట్టి పోసిన మొదటి మూడు వారాల్లో. తొట్టి పొడిపొడిగా రాలిపోతే చాలామంది సిమెంటు తక్కువైందనుకుని మరుసటిసారి ఇంకొంచెం కలుపుతారు. అసలు లోపం దాదాపు ఎప్పుడూ తడి ఆరిపోవడంలోనే ఉంటుంది.

సరుకు

పైన చెప్పిన కొలతల తొట్టికి గోడలు 4 సెంటీమీటర్లు, అడుగు 5 సెంటీమీటర్ల మందం పెట్టుకుంటే దాదాపు 19 లీటర్ల గట్టి ముద్ద పడుతుంది. కలిపి దట్టిస్తే పొడి సరుకు బాగా కుదించుకుపోతుంది కాబట్టి, విడిగా కొలిచినప్పుడు 30 లీటర్లు కావాలి. పాళ్లు 3:4:5. అంటే ఒక్క తొట్టికి:

సిమెంటు 7.5 లీటర్లు (దాదాపు 11 కిలోలు)
నానబెట్టి పిండిన కోకోపీట్ 10 లీటర్లు
పెర్లైట్ (వేడికి ఉబ్బించిన తెల్లటి, తేలికపాటి రాతి గుళ్లు) 12.5 లీటర్లు
సిమెంటులో కలిపే పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ పీచు ఒక గుప్పెడు, 30 గ్రాములకు అటూ ఇటూ

కొలత అంతా ఘనపరిమాణంలోనే, ఒకే మగ్గుతో. తూకంలో కొలిస్తే పెర్లైట్ విషయంలో లెక్క పూర్తిగా తప్పుతుంది. లీటరు పెర్లైట్ 100 గ్రాములు కూడా ఉండకపోవచ్చు, లీటరు సిమెంటు 1,400 గ్రాములు దాటుతుంది. 50 కిలోల బస్తాలో సుమారు 35 లీటర్ల సిమెంటు ఉంటుంది కనుక ఒక బస్తాతో నాలుగు తొట్లు నిక్షేపంగా వస్తాయి, కొంచెం మిగులుతుంది. మిగిలింది దాచుకోవడం దండగ.

సిమెంటు కొనేటప్పుడు బస్తా మీద అచ్చువేసిన వారం, సంవత్సరం చూడండి. మూడు నెలలు దాటిన బస్తా వద్దు. వేలితో నలిపినా నలగని గడ్డలుంటే ఎంత తక్కువకిచ్చినా తేవద్దు. హార్డ్‌వేర్ షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా పీపీసీ ఇస్తారు. అది ఫ్లైయాష్ కలిపిన సిమెంటు. తొట్టికి మంచిదే, గట్టిపడ్డాక విడి సున్నం తక్కువ మిగులుతుంది. కాకపోతే మొదటి రోజుల్లో నెమ్మదిగా బిగుస్తుంది. ఫ్లైయాష్ కలపని మామూలు సిమెంటు, అంటే ఓపీసీ 43 లేదా 53 అయితే ఒక రోజు ముందే అచ్చు విప్పొచ్చు. వాల్ పుట్టీ ఈ పనికి పనికిరాదు.

కోకోపీట్ దగ్గరే ఎక్కువ తొట్లు చెడిపోతాయి. ఎండు దిమ్మను నేరుగా నానబెట్టి కలిపేస్తే అందులోని ఉప్పు, గోధుమరంగు కషాయం సిమెంటు బిగుసుకోవడాన్ని అడ్డుకుంటాయి. మూడో రోజుకు కూడా తొట్టి వేలితో గుచ్చితే దిగబడుతుంటే కారణం ఇదే. 5 కిలోల దిమ్మను 20, 25 లీటర్ల నీళ్లలో విడవనివ్వండి, 60 లీటర్ల పైచిలుకు పొడి అవుతుంది. దాన్ని పాత దిండుగలీబులోనో గోనె సంచిలోనో వేసి, నీళ్లు పోసి పిండండి. మళ్లీ పోయండి, మళ్లీ పిండండి. కారే నీరు టీ రంగు పోయి లేత పసుపుకు వచ్చేదాకా, కనీసం మూడుసార్లు చేయాలి. ఉప్పు కడిగిన కోకోపీట్ అని రాసి అమ్మేవి ఉంటాయి, వాటినైనా ఒకసారి కడగడం మంచిది. తర్వాత 8 మిల్లీమీటర్ల రంధ్రాల జల్లెడలో జల్లించండి. పొడవాటి పీచుపోగులు గోడ అంచుల్లో ఇరుక్కుని ముద్దను దట్టం కానివ్వవు.

పెర్లైట్ దొరక్కపోతే కొందరు థర్మోకోల్ గుళ్లు కలుపుతారు. తేలికే, కానీ ముద్ద కలిపేటప్పుడు ఎగిరి పక్కింటి డాబా దాకా పోతాయి, తొట్టి పైపొర అరిగినప్పుడల్లా మట్టిలోకి, అక్కడి నుంచి నాలాల్లోకి చేరతాయి. వాడకపోవడమే మేలు. రైస్ మిల్లు ఊక ఊరికే వస్తుంది కదాని పచ్చి ఊక కలిపితే కడగని కోకోపీట్ ఇబ్బందే మళ్లీ వస్తుంది, పైగా కాలంతో కుళ్లి గోడలో గుంటలు పడతాయి. పెర్లైట్ దొరకనప్పుడు అందులో సగానికి మెత్తని ఇటుక రజను వాడొచ్చు. బరువు మూడో వంతు దాకా పెరుగుతుంది, దానికి సిద్ధపడాలి. ఇసుక కలిపితే ఇక తేలిక తొట్టి అనే మాటే లేదు.

పీచు ఎందుకంటే, అది బలాన్ని పెద్దగా పెంచదు, కానీ బిగుసుకునేటప్పుడు వచ్చే వెంట్రుకవాసి పగుళ్లను పట్టి ఉంచుతుంది. ప్లాస్టరింగ్‌లో కలిపే చిన్న ప్యాకెట్లే. రంగు కావాలంటే రెడ్ ఆక్సైడో బ్లాక్ ఆక్సైడో సిమెంటు బరువులో 5 శాతం వరకు, ఎంత ముదురు కావాలన్నా 10 శాతం దాటకుండా. కొంచెం నలుపు, అతి కొంచెం ఎరుపు కలిపితే మన గండశిలల రంగుకు దగ్గరగా వస్తుంది. బంజారాహిల్స్ రాళ్ల పక్కన పెట్టినా ఎబ్బెట్టుగా ఉండదు.

అచ్చు

రెండు పెట్టెలు కావాలి. బయటిది లోపల కొలిస్తే 60×30×20. లోపలి పెట్టె బయట కొలిస్తే 52×22, ఎత్తు 15 లేదా ఎక్కువ. రామ్‌నగర్ చేపల మార్కెట్లో పారేసే థర్మోకోల్ పెట్టెలు బయటి అచ్చుకు బాగుంటాయి, నాలుగైదు పోతలు తట్టుకుంటాయి. అట్టపెట్టెలతోనూ అవుతుంది, కానీ తడి ముద్ద తోసేసరికి మధ్యలో పొట్ట వస్తుంది. చుట్టూ ఇటుకలు ఆనించి, పైన ఒక తాడు బిగించాలి. లోపలి పెట్టెను ఇసుకతో నింపండి, లేకపోతే దట్టించేటప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది.

రెండింటికీ పల్చటి పాలిథిన్ కవరు ముడతల్లేకుండా తొడగండి. ముడత పడిన చోట గోడలో గీత పడి, అక్కడి నుంచే తర్వాత పగులు మొదలవుతుంది. కవరుకు వంటనూనె రాయాల్సిన పని లేదు. కవరు లేకుండా ప్లాస్టిక్ టబ్బునే అచ్చుగా వాడితే మాత్రం నూనె తప్పదు.

నీళ్లు పోయే కన్నాలకు ముప్పావు అంగుళం పీవీసీ పైపును సరిగ్గా 5 సెంటీమీటర్ల ముక్కలుగా మూడు కోసి, బయట నూనె రాసి, అడుగున నిలబెట్టండి. ఇవి రెండు పనులు చేస్తాయి. అడుగు మందం ఎక్కడిదాకా దట్టించాలో కొలబద్దలా చూపిస్తాయి, లోపలి పెట్టెను మోస్తాయి. తర్వాత డ్రిల్లుతో వేద్దామనుకుంటే కింది వైపు పెచ్చు ఊడిపోతుంది.

పెట్టెలు లేకపోతే తడి ఇసుక దిబ్బ చాలు. షాబాదు బండ మీదో పాత ప్లైవుడ్ మీదో తడి ఇసుకను బోర్లించిన తొట్టి లోపలి ఆకారంలో పోసి, తట్టి, పాలిథిన్ కప్పి, దాని మీద ముద్దను బయటి నుంచి అద్దుకుంటూ రావాలి. పైన వచ్చే చదును భాగమే రేపటి అడుగు. కోలగా, వంకరగా, ఏ ఆకారమైనా ఇలాగే సులువు. గోడ మందం తెలియడానికి 4 సెంటీమీటర్ల దగ్గర గీత పెట్టిన అగ్గిపుల్లలాంటి పుడకను అక్కడక్కడా గుచ్చి చూడండి. చేతి అంచనాకు వదిలేస్తే అంచుల దగ్గర 2 సెంటీమీటర్లకు పడిపోతుంది.

కలపడం, దట్టించడం

కలిపే ముందు మాస్కు, రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. పెర్లైట్ దుమ్ము గొంతులో పడితే రోజంతా దగ్గు. సిమెంటు తడి చేతులను కొరుకుతుంది, మంట వెంటనే తెలియదు, రాత్రికి తెలుస్తుంది. కంట్లో పడితే ధారగా చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ముందు పెర్లైట్ మీద కాసిని నీళ్లు చిలకరించి దుమ్ము అణచండి. కోకోపీట్, పెర్లైట్ కలిపాక పీచును పోగులు విడదీస్తూ చల్లండి. ఒకేసారి వేస్తే ఉండ కడుతుంది. ఆ తర్వాతే సిమెంటు. బూడిదరంగు అంతటా ఒకేలా వచ్చేదాకా తాపీతో తిరగేయండి. ఇప్పుడు నీళ్లు. మొదట 4 లీటర్లు పోసి కలపండి, ఆ తర్వాత మగ్గులతో కాదు, గుప్పిళ్లతో. సున్నుండ చుట్టినట్టు పిడికిట్లో గట్టిగా నొక్కితే ముద్ద నిలబడాలి, వేళ్ల సందుల్లోంచి రెండు మూడు చుక్కలు రావాలి. ధార కడితే నీళ్లు ఎక్కువైనట్టు. గోడ జారుతుంది, బలమూ సగమవుతుంది. చుక్కే రాకపోతే ఇంకో గుప్పెడు పోయండి. కలిపాక పది నిమిషాలు వదిలి మళ్లీ పరీక్షించండి, కోకోపీట్ ఈలోగా నీళ్లు తాగేస్తుంది.

అక్కడి నుంచి ముప్పావు గంటలో పని ముగించాలి. ఏప్రిల్ మధ్యాహ్నమైతే అరగంటే. బిగుసుకోవడం మొదలైన ముద్దలో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచడం మేస్త్రీలు చేస్తుంటారు గానీ, ఆ ముద్దతో తొట్టి నిలవదు. రెండు తొట్లు పోయాలంటే రెండుసార్లు కలపండి.

అడుగు పొరను రెండు విడతల్లో వేసి, పిడికిలితోనో చెక్క ముక్కతోనో దట్టించి పైపు ముక్కల అంచుకు సమం చేయండి. తొట్టి పొడవు 75 సెంటీమీటర్లు దాటితే రెండు పొరల మధ్య ప్లాస్టరింగుకు వాడే చికెన్ మెష్ ముక్క పరవండి. లోపలి పెట్టెను నడిమధ్య పెట్టాక చుట్టూ సందులో ముద్దను వేలెత్తు చొప్పున వేస్తూ చెక్క పుల్లతో పొడవాలి. మూలలు, గోడ అడుగును కలిసే చోటు ఎక్కువ పొడవండి. మొత్తం నింపేసి పైనుంచి నొక్కితే మధ్యలో గాలిగుల్లలు మిగులుతాయి, అవి అచ్చు విప్పాకే బయటపడతాయి. ఒక వైపు పూర్తిచేసి ఇంకో వైపుకు పోవడం కూడా తప్పు. చుట్టూ తిరుగుతూ ఒక్కో వరుస లేపాలి. లేకపోతే ఆగిన చోట అతుకు పడుతుంది.

అచ్చు విప్పడం, చెక్కడం

పై అంచు చదును చేసి, మొత్తాన్ని పెద్ద పాలిథిన్ షీటుతో గాలి చొరకుండా చుట్టి, నీడలో కదపకుండా వదిలేయండి. ఓపీసీ అయితే 24 నుంచి 36 గంటలు, పీపీసీ అయితే 48 గంటలు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇంకో రోజు కలపండి. స్క్రూడ్రైవర్‌తో అంచు మీద గీస్తే గీత పడాలి గానీ ముక్క రాలకూడదు. గోరుతో గీసినా లోతుగా దిగితే మళ్లీ చుట్టి పెట్టేయండి.

విప్పేటప్పుడు ముందు లోపలి ఇసుక తీసి పెట్టెను లోపలికి నొక్కుతూ తీయాలి, తర్వాత బయటిది. అచ్చుతో సహా బోర్లించి కొట్టడం చాలామంది చేసే పని, అడుగు మూలలో పగులు పడేదీ అప్పుడే. ఈ దశలో తొట్టిని అంచులు పట్టి ఎత్తకూడదు. కింద పలక పెట్టి పలకతోనే ఎత్తాలి.

అచ్చు విప్పిన గంటలోపు చెక్కుడు పని మొదలుపెట్టండి. ముద్ద అప్పుడు సాయంకాలం దాకా మెత్తగా ఉంటుంది, మర్నాటికి చేతికి లొంగదు. పదునైన అంచులను పాత ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, వైరు బ్రష్షును ఒకే దిక్కున కాకుండా అడ్డదిడ్డంగా తిప్పితే నునుపు పొర పోయి రాతి గరుకు వస్తుంది. పైకి తేలిన పీచు వెంట్రుకలను తర్వాత పూర్తిగా ఆరాక బ్లేడుతో గీకేయొచ్చు. బ్లోటార్చ్‌తో కాల్చే పద్ధతి కొందరు చూపిస్తారు. తడి మిగిలి ఉంటే ఆవిరికి పెచ్చు పేలి ముఖాన పడుతుంది, బ్లేడే నయం.

మూడు వారాల తడి

సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్లతో కలిసి రసాయనికంగా గట్టిపడుతుంది. నీరు అందినన్నాళ్లే ఆ పని సాగుతుంది. మామూలు కాంక్రీటు స్లాబు లోపల నీళ్లు దాచుకుంటుంది. మన తొట్టి గుల్ల గుల్లగా, సన్నగా ఉంటుంది కాబట్టి మే నెల వడగాలికి ఒక్క పూటలో ఎండిపోతుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత అంచులు పట్టుకుంటే చేతికి పొడి వస్తుంది.

అందుకని చెక్కుడు అయిపోగానే తడి గోనె సంచులు కప్పి, పైన పాలిథిన్ వేసి, నీడలో 21 రోజులు. పీపీసీకి 28 రోజులైతే ఇంకా మంచిది. సంచులు ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. వేసవిలో రోజుకు మూడుసార్లు తడపాల్సి వస్తుంది. ఊరెళ్లాల్సి వస్తే తడిపిన తొట్టిని పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టేస్తే వారం నిలుస్తుంది.

జూలై నుంచి సెప్టెంబరు వరకు తొట్లు పోయడానికి మంచి కాలం. మొదటి రెండు రోజులు వాన నేరుగా పడకుండా కాపాడుకుంటే, ఆ పైన తడిపే పని వానే చూసుకుంటుంది. నవంబరు, ఫిబ్రవరి మధ్య కూడా ఇబ్బంది లేదు. మార్చి చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా పోత పెట్టుకోకపోతే మంచిది.

సున్నం కడగడం

గట్టిపడ్డ సిమెంటులో విడి సున్నం ఉంటుంది. కొత్త తొట్టిలో నిలిచిన నీళ్ల పీహెచ్ (పులుపు, సున్నపు గుణాల కొలత, 7 అంటే రెండూ కాదు) 11 దాటొచ్చు. అందులో నేరుగా మొక్క పెడితే వేరు కొసలు మాడతాయి, లేత ఆకులు పాలిపోతాయి. తొట్టి చెడ్డదనుకుని వదిలేసినవాళ్లలో చాలామంది ఈ ఒక్క పని దాటవేసినవాళ్లే.

కన్నాలకు బిరడాలు పెట్టి తొట్టిని అంచుదాకా నీళ్లతో నింపండి. రెండు మూడు రోజులకోసారి పారబోసి మళ్లీ నింపండి. అంతకంటే ఎక్కువ నిలవ ఉంచితే దోమలకు మనమే ఇల్లు కట్టినట్టు. పారబోసిన నీళ్లు వేరే కుండీల్లో పోయకండి, డ్రైనేజీలోకి వదలండి. మొదటి రెండు మూడుసార్లు నీటి పైన తెల్లటి తెట్టు కడుతుంది, అది కరిగి వచ్చిన సున్నమే. రెండు నుంచి మూడు వారాల్లో సర్దుకుంటుంది. వానాకాలంలో కన్నాలు తెరిచి వానలో వదిలేసినా చాలు, నెల పడుతుంది.

పూర్తయిందో లేదో పీహెచ్ స్ట్రిప్పుతో చూడాలి. ఇక్కడో మెలిక ఉంది. నగరంలో బోరు నీళ్లు చాలా చోట్ల కఠినమైనవి, ఆ నీళ్లే 7.5, 8 చూపిస్తాయి. అలాంటప్పుడు 7 వచ్చేదాకా కడుగుతూ కూర్చుంటే ఎప్పటికీ రాదు. అదే నీళ్లను ఒక ప్లాస్టిక్ బకెట్లో, తొట్టిలో 24 గంటలు ఉంచి రెండింటినీ పోల్చండి. తేడా అర పాయింటు లోపు ఉంటే పని అయినట్టే. వెనిగర్ పోస్తే ఒక్క రోజులో తేలిపోతుందని చెబుతుంటారు. అది పైపొర సున్నాన్ని మాత్రమే చంపుతుంది, లోపలిది వారం తిరక్కుండా మళ్లీ బయటికొస్తుంది.

తర్వాత్తర్వాత బయటి గోడల మీద తెల్ల చారలు వస్తే భయపడక్కర్లేదు. లోపలి సున్నం చెమ్మతో పాటు బయటికొచ్చి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అలా అవుతుంది, బోరు నీటి ఉప్పు కూడా కొంత. ఒక వంతు వెనిగర్, నాలుగు వంతుల నీళ్లు కలిపి బ్రష్షుతో రుద్ది కడిగేస్తే పోతుంది. ఆ చారలు ఉంటేనే పాత రాయిలా బాగుంటుందనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటా కొట్టిపారేయలేం.

మట్టి, మొక్క

అడుగున గులకరాళ్లు, ఇటుక ముక్కలు పరవడం అలవాటు. 15 సెంటీమీటర్ల లోతున్న తొట్టిలో అది నష్టమే. సన్నటి మట్టిలోని నీరు పెద్ద రాళ్ల పొర మీద ఆగిపోతుంది, కిందికి దిగదు. రాళ్లు ఎంత ఎత్తుంటే బురద పొర అంత పైకి, వేర్లకు అంత దగ్గరగా వస్తుంది. కన్నాల మీద దోమల జాలీ ముక్క వేసి, నేరుగా మట్టి నింపండి. నీరు పోవడం మట్టి మిశ్రమం బాగుంటేనే జరుగుతుంది.

ఆకుకూరలకు ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు సమపాళ్లు, తొట్టికి రెండు గుప్పిళ్ల వేపపిండి. సక్యులెంట్లకు, అంటే ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే మొక్కలకు, ఎర్రమట్టి ఒక వంతు, వర్మీకంపోస్టు ఒక వంతు, గరుకు ఇసుక లేదా పెర్లైట్ రెండు వంతులు. చేలో నుంచి తెచ్చిన నల్లరేగడి తొట్టికి పనికిరాదు, ఎండకు బిగుసుకుని గోడ నుంచి విడిపోతుంది, పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచే జారిపోతాయి. అంచుకు 2 సెంటీమీటర్లు తక్కువగా నింపండి.

ఇంగ్లండు తొట్లలో పెంచే కొండమొక్కలు మన మే నెలకు నిలవవు. లోతు తక్కువ, ఎండ ఎక్కువ, కాస్త సున్నపు గుణం ఉన్న చోటు నచ్చేవే పెట్టాలి. అడీనియం, కలబంద, కలంచో, టేబుల్ రోజ్, సాన్సివేరియా నిశ్చింతగా పెరుగుతాయి. రెయిన్ లిల్లీ గడ్డలు నాలుగు వేళ్ల ఎడంతో నాటితే జూన్ తొలకరికి తొట్టంతా పూస్తుంది. దక్కను రాళ్ల సందుల్లో పెరిగే కుందేటి కొమ్ములు ఈ తొట్టికి పుట్టినట్టే ఉంటుంది. రెండు మూడు గ్రానైటు ముక్కలు మూడో వంతు మట్టిలో దిగేలా పెట్టి, వాటి నీడలో నాటితే వేర్లకు చల్లదనం దొరుకుతుంది. నీళ్లు వారానికి రెండుసార్లు చాలు, వానాకాలంలో అసలే వద్దు.

కూరల్లో మెంతి, పాలకూర, కొత్తిమీర అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు, తోటకూర ఏడాదంతా. మెంతి 25, 30 రోజుల్లో కోతకొస్తుంది. పాలకూర కాస్త సున్నపు నేలను బాగానే ఒప్పుకుంటుంది. పుదీనాకు విడిగా ఒక తొట్టి ఇవ్వాలి, లేకపోతే పక్కవాటిని బతకనివ్వదు. వంగ, టమాటా, బెండలకు 15 సెంటీమీటర్ల లోతు చాలదు, వాటికి 30 సెంటీమీటర్ల ఎత్తు తొట్టి కావాలి. అప్పుడు గోడ మందం 5 సెంటీమీటర్లకు పెంచండి.

నూరువరహాలు, గార్డీనియా ఇందులో పెట్టకండి. పుల్లటి నేల కోరుకునే మొక్కలవి. ఎంత కడిగినా కొంచెం కొంచెంగా ఊరే సున్నానికి, బోరు నీళ్లకు ఇనుము అందక ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి.

గోడలు కూడా నీళ్లు తాగి ఆవిరి చేస్తాయి కాబట్టి ప్లాస్టిక్ టబ్బుకంటే ఈ తొట్టికి నీళ్లు ఎక్కువే కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆకుకూరలకు పొద్దునా సాయంత్రం రెండుపూటలా పోసి, పైన 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. గోడలు వేడెక్కిన మిట్టమధ్యాహ్నం పోయవద్దు.

ఎక్కడ పెట్టాలి

మట్టి, నీళ్లు, మొక్కతో ఈ తొట్టి 40 కిలోల దాకా వస్తుంది. చదరపు మీటరుకు రెండు మించకుండా, గోడల వెంబడి, బీముల మీదుగా వరుసపెట్టండి. స్లాబు నడుమ గుంపుగా పేర్చడం మంచిది కాదు. పాతబస్తీలో ఇనుప దూలాల మీద రాతిపలకలు పరిచిన పాత కప్పులుంటే, ఇంజినీరుకు చూపించకుండా ఒక్క తొట్టి కూడా ఎక్కించవద్దు. పిట్టగోడ మీద ఎంత అందంగా కనిపించినా పెట్టకూడదు.

తొట్టి కింద నాలుగు మూలలా ఇటుక ముక్కలు వేసి కనీసం 5 సెంటీమీటర్లు లేపండి. నేరుగా ఆనిస్తే కన్నాలు మూసుకుపోతాయి, కింద చెమ్మ నిలిచి స్లాబు వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింటుంది. ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకున్నాకే మట్టి నింపండి. నిండు తొట్టిని ఇద్దరు చెరో వైపు అంచు పట్టి లేపితే పొడవు మధ్యలో పగులుతుంది. కదపక తప్పకపోతే కింద పలక జొనిపి దాంతోపాటే జరపండి.

వెంట్రుకవాసి పగులు వచ్చినా తొట్టిని పారేయక్కర్లేదు. మట్టి తీసి, పగులును V ఆకారంలో చెక్కి, రాత్రంతా తడిపి ఉంచి, ఎస్‌బీఆర్ లేటెక్స్ (పాత సిమెంటుకు కొత్తది అతుక్కోవడానికి కలిపే పాలలాంటి ద్రవం) కలిపిన పల్చటి సిమెంటు పూసి, అదే సిమెంటు, సన్నగా జల్లించిన కోకోపీట్ ముద్దతో నింపి వారం రోజులు తడిగా ఉంచాలి. పగులు అడుగు నుంచి పై అంచుదాకా పాకి, రెండు వేళ్లతో నొక్కితే కదులుతుంటే మాత్రం అతికి లాభం లేదు. పగలగొట్టి ముక్కలు చేస్తే తర్వాతి పోతలో పెర్లైట్‌లో నాలుగో వంతుకు బదులుగా ఆ రజను కలుపుకోవచ్చు.